మహేంద్రగిరికీ సముద్రానికీ నడుమ: ఉద్దానంలో విహారం

ఆంధ్ర తీరం వెంట పులికాట్ సరస్సు నుంచి ఉత్తరానికి సాగితే తూర్పు కనుమలు చాలా దూరం వరకు సముద్రానికి ఎడంగానే ఉండిపోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనైతే ఒడ్డున నిలబడి చూసేవారికి కొండ అన్నదే కనబడదు. విశాఖపట్నం దగ్గర కొండలు నేరుగా కెరటాల్లోకే దిగుతాయి గాని, ఆ రెండింటి మధ్య ఉన్న చోటును మహానగరం ఎప్పుడో నింపేసింది. అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్లి శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసకు చేరుకుంటే, కొండకూ కడలికీ నడుమ నగరం లేని నేల కొంత మిగిలి ఉంది. ఒడిశాలోని గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున నిలిచిన మహేంద్రగిరి శిఖరానికీ బారువ సముద్రపు ఒడ్డుకూ మధ్య దూరం, పక్షి ఎగిరే దారిన కొలిస్తే, 30 కిలోమీటర్లకు మించదు. ఈ సన్నని పట్టీలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించిన కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ప్రాంతాన్నే ఉద్దానం అంటారు.

ఈ ప్రాంతం ప్రయాణికులకు తెలియనిది కాదు, ఆగవలసిన చోటుగా తోచనిది మాత్రమే. హౌరా–చెన్నై రైలుమార్గం, 16వ నంబరు జాతీయ రహదారి రెండూ ఈ పట్టీలోంచే ఒకదానికొకటి దాదాపు సమాంతరంగా పోతాయి. విశాఖ నుంచి పూరీకి వెళ్లే కుటుంబాలు చాలావరకు దీన్ని రాత్రి నిద్రలో దాటేస్తాయి. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి తిరుగు ప్రయాణంలో పూరీ చూసుకుని ఈ తీరం వెంటనే దక్షిణానికి వచ్చారు. పల్లకీ బోయీల నడకకు తగ్గట్టు ఊరూరా మజిలీ చేయక తప్పని కాలం గనుక ఆయన ఇక్కడి ఊళ్లను చూశారు, నేటి ఎక్స్‌ప్రెస్ ప్రయాణికుడు చూడడం లేదు. పరిపాలనలో కూడా ఇది చాలాకాలం అంచునే ఉండిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో భాగంగా ఉన్న ఈ తాలూకాలు, 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు విడిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. పర్లాకిమిడి ఒడిశాకు పోగా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటువైపు మిగిలాయి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. గీత ఎక్కడ గీసినా మనుషులు గీతకు తగ్గట్టు విడిపోరు గనుక, ఉద్దానం ఊళ్లలో నేటికీ ఒకే ఇంట్లో తెలుగూ ఒడియా వినిపించడం సాధారణ విషయం.

తెలుగువారి సంప్రదాయంలో ఊరు విడిచి వెళ్లడానికి రెండు కారణాలు ఉండేవి: ఒకటి తీర్థయాత్ర, రెండోది బంధువుల ఇల్లు. వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరే తప్ప, చుట్టమూ దైవమూ లేని చోటికి కేవలం ఉండి రావడానికి పోవడమన్నది మధ్యతరగతికి ఈ మధ్య కాలంలో అబ్బిన అలవాటు. అయితే ఆ అలవాటు ఎక్కువగా అరకు, ఊటీ, గోవా వంటి చోట్లకే పరిమితమైంది. అక్కడ ప్రయాణికుడి కోసమే కట్టిన వసతులు, ప్రయాణికుడి కోసమే అమ్మే వస్తువులు ఉంటాయి. ఉద్దానంలో అలాంటివి దాదాపు లేవు. రోప్‌వే లేదు, పడవ షికారు కోసం బారులు తీరిన జనం లేరు, రాత్రి పదింటి దాకా వెలిగే బజారు ఎక్కడో పలాసలో తప్ప కనబడదు. ఉన్నదల్లా పని చేసుకుంటున్న పల్లె. ఇక్కడి నిశ్శబ్దాన్ని ఖాళీతనంగా భావించి వచ్చినవారు రెండో రోజుకే విసుగు చెందుతారు; ఏ నెలలో ఏ పని జరుగుతుందో తెలుసుకుని వచ్చినవారికి మాత్రం నాలుగు రోజులు చాలవు.

ముందుగా నేల సంగతి. సముద్రం యుగాలుగా ఒడ్డుకు చేర్చిన ఇసుకా, కొండవాగులు దించిన మట్టీ కలిసిన ఇక్కడి నేల నీటిని నిలుపుకోదు. పడిన వాన త్వరగా కిందికి ఇంకిపోతుంది గాని, ఆ ఇంకిన నీరు ఎక్కువ లోతుకు పోకుండా ఇసుక పొరల్లోనే నిలుస్తుంది. వరికి అంతగా అనుకూలించని ఈ లక్షణమే వేళ్లు లోతుకు దించే చెట్లకు వరమైంది. కవిటి చుట్టుపక్కల కొబ్బరి, దాని ఎడాల్లో పనస, మామిడి, మునగ, నేల మీద కంద, పసుపు, ఇలా ఒకే తోటలో అంతస్తులుగా పంట పెట్టే పద్ధతి తరాలుగా సాగుతోంది. సముద్రం నుంచి కాస్త ఎడంగా, నేల ఎర్రబారిన మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడిమామిడి ఎక్కువ. బ్రెజిల్ ప్రాంతానికి చెందిన ఈ చెట్టును పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు భారతదేశపు పడమటి తీరానికి తెచ్చారు; ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుందన్న గుణం వల్ల అది తూర్పు తీరానికీ పాకింది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పూత, మార్చి నుంచి మే వరకు పిక్కలు. ఇక్కడి వారు గుల్లతో ఉన్న గింజను పిక్క అనీ, లోపలిదాన్ని పప్పు అనీ అంటారు. గుల్ల గట్టిపడక ముందే కోసిన పచ్చిపిక్కల పప్పుతో వండే కూర ఈ ప్రాంతపు వేసవి వంటల్లో మొదట చెప్పుకోవలసినది. ఎండిన జీడిపప్పు మాత్రమే తెలిసిన పట్టణవాసికి దాని మెత్తదనం కొత్తగా ఉంటుంది.

పిక్క పప్పుగా మారే పని పలాస–కాశీబుగ్గ జంట పట్టణంలో జరుగుతుంది. వందల సంఖ్యలో ఉన్న చిన్న, మధ్య తరహా పరిశ్రమల్లో పిక్కలను ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, ఒక్కొక్కటిగా పగలగొట్టి, లోపలి పప్పును వేడి గదిలో ఆరబెట్టి, పైపొట్టు తీసి, పరిమాణాన్ని బట్టి వేరు చేస్తారు. గుల్లలోని జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది గనుక పగలగొట్టేవారు చేతులకు నూనె గాని బూడిద గాని రాసుకుంటారు. ఈ శ్రమలో అధికభాగం ఆడవారిది. అంగడిలో పప్పు డబ్బా మీద కనిపించే 180, 240, 320 వంటి అంకెలకు అర్థం చాలామంది కొనుగోలుదారులకు తెలియదు: ఒక పౌను బరువుకు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది, అందుకే అంకె తగ్గే కొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. స్థానిక పంట ఈ పరిశ్రమలకు సరిపోక ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు తెప్పిస్తారు. కనుక పలాసలో కొన్న ప్రతి పప్పూ ఉద్దానం చెట్టుదే అనుకోనక్కర్లేదు. దుకాణదారును అడిగితే చాలావరకు ఉన్నమాటే చెబుతాడు.

ఈ తోటల మధ్య నడిచేవారు ఒక విషయాన్ని గమనించకుండా ఉండలేరు: చాలాచోట్ల చెట్లన్నీ ఒకే ఈడువి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపంలో తీరం దాటింది. కొన్ని గంటల్లో కొబ్బరి, జీడి చెట్లు లక్షల సంఖ్యలో కూలిపోయాయి. పైరు పోతే మరుసటి కారుకు మళ్లీ వేసుకోవచ్చు, చెట్టు పోతే అలా కాదు. కొబ్బరి మొక్క నాటిన నాటి నుంచి నిండుగా కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, జీడి కూడా వెంటనే ఆదుకోదు. అంతకు ముందు 2013లో ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడూ ఇక్కడ నష్టం జరిగింది. ఆ రెండింటి తర్వాత కొందరు తోటలు వదిలి పనులకు ఇతర రాష్ట్రాలకు వెళ్లారు, కొందరు తిరిగి నాటారు. తిరిగి నాటినవారి తోటలే నేడు ప్రయాణికుడికి నీడనిస్తున్నవి.

సముద్రం వైపు వస్తే, జిల్లాకు ఉన్న 193 కిలోమీటర్ల తీరంలో కళింగపట్నం, భావనపాడు, అక్కుపల్లి దగ్గరి శివసాగర్, బారువ బీచ్‌లు పేరున్నవి. వాటి మధ్య మైళ్ల కొద్దీ పేరు లేని ఒడ్డు ఉంది. సరుగుడు తోటలు, వాటి ముందు మొగలి పొదలు, ఆ తరువాత ఇసుక తిన్నెలు, ఆపైన నీరు, ఇదీ దాదాపు అంతటా కనిపించే వరుస. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం ఒకప్పుడు పెద్ద రేవు. నేడు అక్కడ ఓడలకు బదులు దీపస్తంభం, మత్స్యకారుల పడవలు మిగిలాయి. ఇంత పొడవైన తీరం ఉండీ పెద్ద మరపడవలు నిలిచే హార్బరు, జెట్టీ వంటివి లేకపోవడంతో ఇక్కడి మత్స్యకారులు చిన్న తెప్పలతోనూ ఫైబరు పడవలతోనూ ఒడ్డుకు దగ్గరలోనే వేటాడతారు. ఆ రాబడి చాలక వేలమంది ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి అక్కడి బోట్లలో కూలికి చేరతారు. 2018 చివరలో అలా వెళ్లి అరేబియా సముద్రంలో పాకిస్తాన్ అధికారులకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. సందర్శకుడికి మనోహరంగా కనిపించే ఈ ఖాళీ ఒడ్డుకూ, ఊళ్లో మగవారు తక్కువగా కనిపించడానికీ కారణం ఒకటే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా మరపడవల మీద చేపల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని వదిలిపెట్టడానికి ఏర్పరచిన విరామం అది. వేసవి సెలవుల్లో వచ్చి తాజా సముద్రపు చేప కోసం వెదికేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో ఎండుచేపల పులుసే ఈ ప్రాంతపు సహజమైన వంట, దాన్ని తక్కువ చేసి చూడవలసిన పని లేదు. స్నానాల విషయంలో మరొక జాగ్రత్త ఉంది. ఇక్కడి బీచ్‌లలో చాలాచోట్ల కాపలాదారులు ఉండరు. కెరటాలతో ఒడ్డెక్కిన నీరు తిరిగి వెళ్లేటప్పుడు నీటి అడుగునున్న ఇసుక మెట్టల మధ్య సందు చూసుకుని, సన్నని వేగమైన ప్రవాహంగా లోపలికి పోతుంది. దీన్ని రిప్ కరెంట్ అంటారు. చుట్టూ కెరటాలు విరుగుతుంటే ఒక్కచోట మాత్రం నీరు ప్రశాంతంగా కనిపించడం దాని గుర్తు, తెలియనివారు సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకున్నవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ప్రవాహం నుంచి బయటపడవచ్చు. ఏ చోట దిగవచ్చో ఊరి మత్స్యకారులను అడగడం అన్నిటికంటే మేలు.

జనవరి నుంచి మార్చి వరకు ఇదే ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ఒడిశాలో రుషికుల్య నది మొగ దగ్గర లక్షల తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెట్టే దృశ్యం లోకప్రసిద్ధం; శ్రీకాకుళం తీరానికి అవి అంత గుంపుగా రావు, రాత్రివేళ ఒంటరిగా వచ్చి ఇసుకలో గుంట తవ్వి నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, గుంట పూడ్చి వెళ్లిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వి తినకుండా అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు, ఊరి యువకులు ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన ఇసుక మడుల్లో పూడ్చి పెడతారు. దాదాపు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. గుడ్లు పొదిగే ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదా మగదా అన్నది తేలుతుంది. పుట్టిన పిల్ల చీకట్లో వెలుతురుగా ఉన్న దిక్కుకు పాకుతుంది. మనిషి లేని ఒడ్డున ఆ దిక్కు సముద్రమే అయి ఉంటుంది గాని, ఒడ్డున విద్యుద్దీపాలుంటే అది వాటి వైపు పోయి ఎండకు చస్తుంది. తాబేలు గాలి పీల్చే జీవి కనుక ట్రాలర్ల వలల్లో చిక్కుకుని పైకి రాలేక మునిగి చనిపోవడం కూడా జరుగుతుంది. ఆ నెలల్లో ఒడ్డున కనిపించే పెద్ద తాబేళ్ల కళేబరాలు అలా వచ్చినవే. పిల్లలను సముద్రంలోకి వదిలే వేళ చూడదలచినవారు అటవీ సిబ్బందిని అడిగి దూరంగా నిలబడి, ఫ్లాష్ లేకుండా చూడవచ్చు.

ఒడ్డుకు వెనుకగా, ఇసుక తిన్నెలు అడ్డుపడి సముద్రంలోకి పోలేని వాననీరు నిలిచిన పల్లపు నేలలను సోంపేట వైపు బీల అంటారు, టెక్కలి వైపు తంపర అంటారు. బీలలో ఉన్నది మంచినీరు. చుట్టుపక్కల పల్లెలకు సాగునీరు, పశువులకు మేత, చేపలు, చాపలల్లే తుంగ అన్నీ అక్కడివే. నౌపడ దగ్గరి తంపర సముద్రపు పోటుతో ఉప్పగిల్లి ఉంటుంది, దాని అంచునే ఉప్పు మడులు. ఎండాకాలంలో నౌపడ వైపు వెళితే మడుల్లో నీరు ఆవిరై తెల్లటి పొర కట్టడం, దాన్ని పోగులు పెట్టడం చూడవచ్చు. ఈ తంపర చేపలనే నమ్ముకుని తేలినీలాపురం అనే చిన్న ఊళ్లో చింతచెట్ల మీద గూడబాతులు, అంటే కింది ముక్కుకు సంచి ఉండే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలతో కలిసి ఏటా గూళ్లు కడతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయన్న మాట తరచు వినిపిస్తుంది; నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయ ఆసియాలవే, మంచు దేశాలతో వాటికి సంబంధం లేదు. సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి పిల్లలు ఎగరనేర్చాక వేసవి ముందు వెళ్లిపోతాయి. ఇంటి పెరటి చెట్టు నిండా గూళ్లు, కింద రెట్టల వాసన, తెల్లవారు దాకా ముక్కుల చప్పుడు, ఇవన్నీ భరిస్తూ ఊరివారు వాటిని వెళ్లగొట్టకపోవడం వల్లనే అది పక్షుల కేంద్రమైంది.

ఇంత నెమ్మది ఎలా మిగిలిందన్న ప్రశ్నకు సమాధానం బీల ఒడ్డునే ఉంది. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం భూమి కేటాయించినప్పుడు, అది బంజరని కాగితాల మీద రాశారు; దాని మీద బతికే రైతులూ మత్స్యకారులూ ఒప్పుకోలేదు. 2010 జులై 14న నిరసనకారులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి; ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. 2011లో కాకరాపల్లి తంపర దగ్గర మరో థర్మల్ కేంద్రం విషయంలోనూ ఇలాగే కాల్పులు, మరణాలు. ఈ ప్రాంతానికి ఇది కొత్త కూడా కాదు: మందస జమీందారీ అడవిలో కట్టెల కోసం, పొలం పనిముట్ల కలప కోసం రైతులు పోరాడిన 1940లో పోలీసు కాల్పులకు బలైన గున్నమ్మ పేరు ఇక్కడ అందరికీ తెలుసు. కనుక నేడు సందర్శకుడు చూస్తున్న పచ్చని పల్లపు నేల ప్రకృతి దానంతట అదే ఇచ్చింది కాదు, మనుషులు పట్టుబట్టి నిలుపుకున్నది. ఇక ముందు ఏమవుతుందన్నది మరో విషయం. సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది; రేవు పనిచేయడం మొదలుపెట్టాక ఆ వైపు తీరం ఇప్పటిలా ఉండదు. గుజరాత్‌కు పోయే కుర్రవాళ్లకు ఇక్కడే పని దొరుకుతుందన్న ఆశను తేలికగా కొట్టిపారేయడం, సెలవులకు వచ్చి వెళ్లేవారికి తగని పని.

కొండల వైపు పోవడానికి అన్నిటికంటే చక్కని దారి రైలు. పర్లాకిమిడి రాజులు పట్టుబట్టి వేయించుకున్న సన్నపట్టాల లైను 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలై, తరువాత గుణుపురం వరకు పెరిగింది. 2011లో బ్రాడ్‌గేజ్‌గా మారి తిరిగి తెరుచుకుంది. ఉప్పు మడుల దగ్గర ఎక్కి, టెక్కలి, పాతపట్నం మీదుగా వరిచేల నడుమ సాగి, వంశధార లోయలో కొండలు రెండు పక్కలా దగ్గరపడే దాకా ఈ బండి నెమ్మదిగానే పోతుంది, ఆ నెమ్మదే దాని ప్రయోజనం. ఈ కొండలు సవరలవి. సవర భాష ముండా కుటుంబానికి చెందినది, అంటే దానికి తెలుగుతో గాని ఒడియాతో గాని చుట్టరికం లేదు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఈ భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. సీతంపేట వైపు వారపు సంతలకు సవరలు అనాస, పనస, చింతపండు, అడ్డాకులు దించుతారు. ఆ సంతలో కొన్న అనాస రుచి పట్నంలో దొరకదు. ఇళ్లలోకి తొంగిచూడడం, అడగకుండా ఫొటోలు తీయడం ఎక్కడైనా తప్పే, ఇక్కడ మరీ తప్పు. మహేంద్రగిరి శిఖరానికి దారి ఒడిశా వైపు నుంచి. పైన భీముడి పేరా కుంతి పేరా పిలిచే ప్రాచీన రాతి గుడులున్నాయి, శివరాత్రికి జనం పోటెత్తుతారు, తక్కిన రోజుల్లో గాలీ మబ్బూ తప్ప తోడుండదు.

ఈ కొండ మీది గోకర్ణేశ్వరుణ్ణి తూర్పు గాంగులు తమ తామ్రశాసనాలలో కులదైవంగా కీర్తించుకున్నారు. వారి రాజధాని కళింగనగరం వంశధార ఒడ్డున నేటి ముఖలింగమేనని చరిత్రకారుల అభిప్రాయం. అనంతవర్మ చోడగంగ కాలంలో అధికార కేంద్రం కటకానికి తరలిపోయాక ఇక్కడ మూడు గుడులు, ఒక పల్లె మిగిలాయి. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాల శిఖరాలు వంపు తిరిగి పైకి లేచే కళింగ శైలివి. తెలుగునాట ఆ శైలిని ఇంత నిండుగా చూడగల చోట్లు అరుదు. మధూకమంటే ఇప్పచెట్టు. సవరల ఇప్పచెట్టులో శివుడు వెలిశాడని స్థలపురాణం, అంటే మైదానపు రాజుల గుడి కూడా తన మూలాన్ని కొండజాతి దగ్గరే వెదుక్కుంది. గుడి గోడల మీది లతలూ బొమ్మలూ తీరిగ్గా చూడడానికి ఒక పూట కేటాయించడం న్యాయం. వంశధార మొగకు దగ్గరలో కొండ మీద ఉన్న శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా గిడుగువారే. ఇటుక స్తూపాల మధ్య నిలబడితే నదీ, మైదానమూ, ఎండ బాగుంటే సముద్రమూ ఒకేసారి కనబడతాయి. అరసవల్లి, శ్రీకూర్మం గురించి వేరే చెప్పనక్కర్లేదు, అక్కడికి దారి అందరికీ తెలుసు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్ననూలు వడికే ఆడవారిని చూడడానికి మాత్రం శ్రమపడి వెళ్లవలసిందే.

ఉద్దానం పేరెత్తగానే చాలామందికి గుర్తొచ్చేది కిడ్నీ వ్యాధి గనుక దాన్ని దాటవేయడం తగదు. మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేకుండానే మూత్రపిండాలు మెల్లగా దెబ్బతినే ఈ వ్యాధి ఇక్కడి వ్యవసాయ కుటుంబాలలో అసాధారణంగా ఎక్కువ. నీటిలోని ఖనిజాలు, ఎండలో శ్రమ, పురుగుమందులు, ఇలా అనేక కోణాల్లో పరిశోధనలు జరిగినా ఒక్క కారణమని తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధిచేసి ఉద్దానం ఊళ్లకు గొట్టాల ద్వారా పంపే పథకం కూడా అప్పుడే మొదలైంది. ఏళ్ల తరబడి ఇక్కడ బతికేవారిని పట్టి పీడించే ఈ వ్యాధి అంటువ్యాధి కాదు, కొద్ది రోజులు ఉండి వెళ్లేవారు భయపడవలసినది అంతకంటే కాదు. శుద్ధిచేసిన నీరు తాగితే చాలు. ఆ భయంతో ఈ ఊళ్లకు రావడం మానేయడం, వ్యాధితో ఒకసారి దెబ్బతిన్నవారిని రెండోసారి దెబ్బతీయడమే అవుతుంది.

ఏ నెలలో రావాలన్నదానికి సమాధానం ఏం చూడాలన్నదాన్ని బట్టి మారుతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. అప్పుడు ప్రయాణం పెట్టుకునేవారు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడక తప్పదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ మెత్తగా ఉంటుంది, తేలినీలాపురంలో పక్షులుంటాయి, తాబేళ్లు మొదలవుతాయి, కొండల మీద పొద్దున్నే మంచు. మార్చి, ఏప్రిల్ జీడి నెలలు, ఉక్కపోత ఉన్నా సాయంత్రానికి సముద్రపు గాలి తిరుగుతుంది. జులై, ఆగస్టుల్లో మహేంద్రగిరి మీద మబ్బు దిగి బహుదా, మహేంద్రతనయ వంటి చిన్న నదులు ఒక్క రాత్రిలో పొంగుతాయి. కొండకు దగ్గరగా పుట్టి వెంటనే సముద్రంలో కలిసే నదులకు అది సహజం, వాగులు దాటే సాహసం చేయకపోవడం మంచిది.

విశాఖ నుంచి శ్రీకాకుళం మీదుగా పలాస దాకా రోడ్డూ రైలూ రెండూ ఉన్నాయి. మందస రోడ్డు, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లలో పాసింజర్ బళ్లు ఆగుతాయి. లాడ్జీలు పలాసలోనూ శ్రీకాకుళంలోనూ ఉన్నాయి, బారువ తీరంలోనూ కొంత వసతి ఉంది. పల్లెల్లో మాత్రం తెలిసినవారి ద్వారా తప్ప గది దొరకడం కష్టం. తోటల మధ్య ఇళ్లున్న కుటుంబాలు ఒకటి రెండు గదులు అతిథులకు కేటాయిస్తే తుపాను తర్వాత చిక్కిపోయిన రాబడికి కొంత ఆసరా అవుతుంది. దానికి కావలసినవి పెద్ద పెట్టుబడులు కావు: శుభ్రమైన మరుగుదొడ్డి, శుద్ధిచేసిన నీరు, ఇంటివారు తినే భోజనమే అతిథికీ, ఒడ్డున ఉన్న ఇల్లయితే జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు దీపాలు ఆర్పి ఉంచడం. ప్రయాణికుడి వైపు నుంచి కావలసినదీ అంతే: మందసలో ఆగితే కోవా కొనడం, పలాసలో దిగితే పప్పు కొనడం, ఒడ్డున తిన్నదాని కాగితాలూ సీసాలూ తిరిగి సంచిలో వేసుకోవడం, గుణుపురం బండ్లు రోజుకు కొన్నే గనుక తిరుగు బండి వేళను నౌపడలో ముందుగానే కనుక్కోవడం.